బాగా చెబితే బడి ఖాళీ అవుతుంది

మొన్న ఒక పెళ్లిలో దూరపు బంధువు పట్టుకున్నాడు. "సర్కారు బడులకు పోటీ లేకనే ఇట్ల తయారైనయి చెల్లె. ఆ పైసలేవో తల్లిదండ్రుల చేతిల పెట్టి, నచ్చిన బడికి పంపుకోమంటే అప్పుడు దారికొస్తరు మీరు." చేతిలో ప్లేటుంది, వెనక లైనుంది, నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చినా కడుపులో రగులుతూనే ఉంది. అందుకే ఇది.

పోటీ లేదా? అన్నా, మా ఊరికి పొద్దున ఏడున్నరకల్లా నాలుగు పసుపు బస్సులొస్తాయి. మా బడి గేటు ముందే ఆగుతాయి, అక్కడైతే తిప్పుకోవడానికి జాగా ఉంటుంది కాబట్టి. నేను తాళం తీసే టైముకు మా ఊరి పిల్లలు సగం మంది టై కట్టుకుని నాకే గుడ్ మార్నింగ్ చెప్పి బస్సెక్కుతారు. ఇంతకన్నా పోటీ ఎక్కడైనా ఉంటే చూపించు, వచ్చి చూస్తాను.

నేను ఎస్జీటీని, అంటే ప్రాథమిక తరగతులకు చెప్పే సర్కారు టీచర్ను. ఇన్‌చార్జి హెచ్ఎంను కూడా. 1 నుంచి 5 దాకా కలిపి 38 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. విద్యాహక్కు చట్టం లెక్కలో ఇది సరిగ్గానే ఉంది, ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరే. 30 మందికి ఒక టీచరు అంటే కాగితం మీద బాగుంటుంది. కానీ ఆ 38 మంది ఒక్క తరగతి కాదు కదా, ఐదు తరగతులు. నేను మూడోదానికి తీసివేతలు చెబుతుంటే నాలుగు, ఐదు తరగతులు అదే గదిలో ఎక్కాలు రాస్తుంటాయి. పక్క గదిలో మా సార్ దగ్గర ఒకటీ రెండూ. ఆయన మీటింగుకు పోయిన రోజు ఐదు తరగతులూ నావే. మధ్యాహ్న భోజనం లెక్క, ఫోన్లో హాజరు, ఏ ఆన్‌లైన్ వివరాలు ఏ పూట అడుగుతారో అవన్నీ అదనం.

జూన్‌లో బడిబాటకు, అంటే పిల్లలను బడిలో చేర్పించమని ఇల్లిల్లూ తిరగడానికి పోయినప్పుడు ఒక ఇంటి అరుగు మీద బీడీలు చుడుతున్న తల్లి దగ్గర కూర్చున్నాను. బిడ్డకు ఐదేళ్లు దాటినయి. ఇంగ్లీష్ మీడియం ఉందన్నాను, 2022-23 నుంచి మన తెలంగాణ సర్కారు బడుల్లో కూడా అదే కదా. పుస్తకాలు, యూనిఫాం, అన్నం అన్నీ చెప్పాను. చాటలోంచి తల ఎత్తకుండానే విన్నది. చివరికి ఒక్కటే అడిగింది: "ఒకటో తరగతికి ఎవరు మేడం?"

"మా సార్ ఉన్నడు."

"ఒకటో తరగతికేనా, రెండోదానికి కూడానా?"

నా దగ్గర జవాబు లేదు. ఆమె వెయ్యి బీడీలు చుట్టి సంపాదించేదాంట్లోంచి ఫీజు కడుతున్నది ఇంగ్లీష్ మోజుతో అనుకునేవాళ్లు ఒకసారి ఆ అరుగు మీద కూర్చోవాలి. తరగతికో మనిషి ఉండాలని ఆమె లెక్క. ఆ మనిషి ఇంటర్ చదివిన అమ్మాయి కావచ్చు, జీతం నా జీతంలో మూలకు రాకపోవచ్చు, కానీ గదికి ఒకరున్నారు. పైగా అక్కడ మూడేళ్లకే నర్సరీలో చేర్చుకుంటారు. మన దగ్గర ఈ మధ్యే కొన్ని బడుల్లో ప్రీప్రైమరీ పెట్టారు, మాకు రాలేదు. ఒకటో తరగతికి రమ్మని నేను ఇంటికి పోయేసరికి ఆ పిల్ల రెండేళ్లుగా బస్సెక్కుతూనే ఉంటుంది.

పోటీ అంటే అవతలివాడు ఏదైనా కొత్తది చేస్తే నేనూ చేయగలగాలి. నర్సరీ నేను పెట్టలేను, టీచర్ను నేను తెచ్చుకోలేను. చేయగలిగింది ఒకటి చేశాం. ఇద్దరం జేబులోంచి వేసుకుని పక్క తండా పిల్లలకు ఆటో పెట్టాం. నెల తిరక్కుండానే పక్క ఊరి సర్కారు బడి సార్లు కూడా అదే తండాకు ఆటో పెట్టారు! ఎనిమిది మంది పిల్లల కోసం రెండు సర్కారు బడులు, రెండు ఆటోలు. పసుపు బస్సు డ్రైవర్ చూసి నవ్వుకున్నాడు.

ఇక అసలు సంగతి. మనల్ని ఎక్కువ ఖాళీ చేస్తున్నది ప్రైవేటు ఒక్కటే కాదు. ఐదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్ష నాలుగో తరగతి పిల్లలు రాస్తారు. చలికాలంలో బడి అయ్యాక గంట కూర్చోబెట్టి చెబుతాను. పోయినేడు ఏడుగురు రాస్తే ఐదుగురికి సీట్లొచ్చాయి. ఊళ్లో శాలువా కప్పారు. "మా బడి నుంచి 5 గురుకుల సీట్లు" అని ఫొటోలతో ఫ్లెక్సీ కట్టాం. ఈ జూన్‌లో ఐదో తరగతిలో మిగిలింది ఇద్దరు. వెళ్లిపోయిన పిల్లల ఫొటోలతో కొత్త పిల్లలను పిలుస్తున్నాం! బాగా చెబితే పిల్లలు పోతారు, చెప్పకపోతే తల్లిదండ్రులు తీసుకుపోతారు. ఎటైనా లెక్కలో తగ్గేది నేనే. ఆ తల్లులను మాత్రం ఒక్క మాట అననివ్వను. హాస్టలుంది, సబ్జెక్టుకో టీచరుంది. నా బిడ్డ అయినా పంపేదాన్నే.

డబ్బు చేతికిస్తే అనే మాట మీద కూడా ఒక సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఐదు జిల్లాల్లోని 180 ఊళ్లలో ఇదే చేసి చూశారు. అందులో మన మెదక్, నిజామాబాద్ కూడా ఉన్నాయి. లాటరీ తీసి, పేరొచ్చిన సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ లెక్క తీస్తే తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం లాటరీ తగిలినవాళ్లు ముందున్నారు. సర్కారు బడిలో ఉండిపోయిన పిల్లలకు ఆ పోటీ వల్ల ఒరిగిందేమీ కనిపించలేదు.

ఇది చదివి మా వాళ్లు చప్పట్లు కొట్టొద్దు. అదే లెక్కలో ఇంకోటి ఉంది: ప్రైవేటులో ఒక్కో పిల్లవాడి మీద అయ్యే ఖర్చు మన ఖర్చులో మూడో వంతు కూడా లేదు. తెలుగుకు, లెక్కలకు వాళ్లిచ్చే టైమూ తక్కువే. అయినా మార్కులు సమానం. ఇది మనకు తలవంపే. మాలో డుమ్మా కొట్టేవాళ్లు లేరని నేననను. వాళ్లను పట్టుకోండి, నేనే సాక్ష్యం చెబుతాను. కానీ పొద్దున ప్రార్థన నుంచి సాయంత్రం దాకా గొంతు పోయేలా అరిచేదాన్ని కూడా పోటీ పేరుతో దారికి తెస్తానంటే ఎట్లా?

బడి బతకాలంటే ముందు తరగతికో టీచర్నివ్వండి, పిల్లలు ఎంతమందున్నా సరే. పక్కపక్క ఊళ్ల చిన్న బడులు కలపాల్సి వస్తే ఊరితో కూర్చుని మాట్లాడి కలపండి, బస్సు పెట్టండి, నేనే మొదట సంతకం పెడతాను. అంగన్‌వాడీ మా కాంపౌండ్‌లోనే ఉంది, కానీ శాఖ వేరు, రిజిస్టర్ వేరు. మధ్యలో ఉన్నది ఒక గోడ. ఆ గోడ తీస్తే నాకు మూడేళ్ల నుంచే పిల్లలుంటారు.

ఈ ఏడు నాలుగో తరగతిలో ఆరుగురున్నారు. అందులో ఒకడు భాగహారం అప్పుడే పట్టేశాడు, శేషం ఎందుకు మిగులుతుందో పక్కవాడికి చింతగింజలతో చెబుతున్నాడు. వాడికి గురుకులంలో సీటు ఖాయం. వాడి తమ్ముడు మొన్న సోమవారం నుంచి పసుపు బస్సెక్కుతున్నాడు.