మహారాజశ్రీ సైడ్ స్టాండ్ గారి సముఖమునకు

అయ్యా,

ఉభయకుశలోపరి. ఇక్కడ ఉభయులంటే నేనూ, డబుల్ స్టాండూ. తమరు కుశలంగా లేరని కాలనీ అంతటికీ తెలుసు, కాబట్టి ఆ మర్యాద వదిలేసి విషయానికొస్తాను.

బండి 97 మోడల్. నేను మూడో యజమానిని. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున తమరెంత పొడుగుండేవారో చెప్పగలిగే మనిషి ఈ ఊళ్లో లేడు. మొదటాయన చేతుల్లో తమ పాదం అరిగిందట. రెండో ఆయన బండికి సైడ్ స్టాండ్ వేసి, సీటు మీద నిండు గ్యాస్ సిలిండరు కట్టేవాడట. లోపలి గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి దగ్గర దగ్గర 30. బండి ఒరిగిపోతోందని ఆయనే తమ పాదం కింద ఓ ఇనప ముక్క అతికించాడు. చూడ్డానికి నిండుగా ఉంటుందని వెనక 2.75 అంగుళాల వెడల్పు టైరు తీసేసి 3.00 వేయించిందీ ఆయనే. ఆ తర్వాత షాకబ్జర్లు చతికిలబడ్డాయి. ఇందరు చేసిన ఇన్ని ఘనకార్యాల లెక్క చివరికి తమ ఖాతాలో తేలింది: బండి ఇప్పుడు ఫొటో స్టూడియోలో నిలబెట్టిన పెళ్లికొడుకులా నిటారుగా నిలబడుతోంది.

నిటారుగా ఉంటే మంచిదేగా అని అడిగేవాళ్లున్నారు. వాళ్లకి కార్లుంటాయి. బండి ఎడమకి తగినంత ఒరిగితేనే దాని బరువు తమ మీద పడుతుంది, ఆ బరువే దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. నిటారు బండికి కుడివైపు దిక్కెవరు? పక్కనుంచి లారీ వెళ్తే వచ్చే గాలి చాలు. సినిమా హాలు దగ్గర టోకెన్లిచ్చే కుర్రాడు హ్యాండిల్ మీద చెయ్యేస్తే చాలు. మనదొక్కటే పడితే అదృష్టం, వరసంతా పడితే ఆ పూట ఇంటర్వెల్ దాకా క్షమాపణలే. తమరు మరీ పొట్టయినా సుఖం లేదు. బండి బాగా ఒరిగి, కార్బొరేటరు ఓవర్‌ఫ్లో అయి పెట్రోలు నేలపాలవుతుంది. బండిని లేపి నిలబెట్టడానికి నడుం పోతుంది.

ఇక సలహాదారులు. "ఓ అంగుళం కోయించెయ్ బ్రో" అని పార్కింగులో ప్రతివాడూ చెప్పేవాడే. ఆ అంగుళం మహిమ ఎవరికీ పట్టదు. తమ పాదానికీ, టైర్లు నేలకి ఆనే గీతకీ మధ్య దూరం పాతిక సెంటీమీటర్లనుకుందాం. తమ పొడుగు 1 సెంటీమీటరు మారితే బండి ఒరుగు 2 డిగ్రీలకి కాస్త పైగా మారుతుంది. నేలకి మీటరు ఎత్తున ఉన్న హ్యాండిల్ దగ్గర అది 4 సెంటీమీటర్లు. అంగుళం కోస్తే హ్యాండిల్ 10 సెంటీమీటర్లు పక్కకి జరిగి పక్క బండి అద్దంలో మొహం చూసుకుంటుంది. ఇంత సున్నితమైన లెక్కని మావాళ్లు ఓ కన్ను మూసి, బొటనవేలు చూపించి తేల్చేస్తారు.

నిజానికి తమ పొడుగు మీద పడి ఏడవడం బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమే. 3.00 టైరు వెనక ఇరుసుని పావంగుళం, అంటే 6 మిల్లీమీటర్లు లేపింది. తమరుండేది రెండు చక్రాల నడుమ కాబట్టి తమ దగ్గర లేచింది అందులో సుమారు సగం. అదే వెనకభాగం 2 సెంటీమీటర్లు కుంగితే తమ దగ్గర ఓ సెంటీమీటరు దిగుతుంది, అది ఇందాకటి లెక్కలో హ్యాండిల్ దగ్గర 4. వీటన్నిటి మీదా తమరిని చట్రానికి బిగించే బోల్టుగారొకరు. అరిగి అరిగి, చట్రానికున్న చెవిలో గుండ్రటి రంధ్రాన్ని కోలగా సాగదీశారు. అక్కడ మిల్లీమీటరు వదులు తమ పాదం దగ్గరికొచ్చేసరికి చాలా రెట్లు పెరుగుతుంది. అందుకే పొద్దున ఆఫీసులో ఒకలా, సాయంత్రం ఇంటి ముందు ఇంకోలా ఉంటారు తమరు. ఈ బోల్టు సంగతి ఏ సలహాదారూ ఎత్తడు. వంగి చూడాలి కదా.

తమ ఘనతని కాదనను. పేరూ ఊరూ తెలియని జనం రోడ్డు మీద ఒకరి క్షేమం ఒకరు కోరేది రెండే సందర్భాల్లో: "అమ్మా, చున్నీ చూసుకో", "అన్నా, స్టాండ్!" సిగ్నల్ దగ్గర అరగంటగా హారన్‌తో మన ప్రాణం తీసినవాడు కూడా తమరు దిగి ఉండటం కనిపిస్తే వెంటబడి వచ్చి మరీ చెప్తాడు. ఆటో వెనక సీట్లోంచి పిల్లలు వేలు చూపిస్తారు. అది నవ్వులాట కాదు, ఎడమ మలుపులో దిగి ఉన్న స్టాండు రోడ్డుకి తన్నుకుంటే మనిషి మనిషిలా లేవడు. ఇప్పటి చాలా కొత్త బండ్లలో స్టాండు తీయకుండా గేరు వేస్తే ఇంజనే ఆగిపోతుంది. తమ కాలానికి ఆ స్విచ్చి లేదు, పరోపకారుల మీదే బతికాం.

మే నెల ముచ్చట ఒకటి చెప్పాలి. బెజవాడ ఎండకి తారు మెత్తబడితే తమరు అందులోకి మెల్లగా దిగిపోతారు. అప్పుడు పెంకు ముక్కో, నలిగిన కూల్‌డ్రింకు డబ్బానో వెతికి తమ పాదం కింద పెట్టాలి. మిగతా పదకొండు నెలలు పొడుగని తిట్టించుకునే తమరికి ఆ ఒక్క నెలా పొట్టి అనిపించుకునే యోగం.

కాబట్టి తమరికి తెలియజేయునది: వచ్చే శుక్రవారం ఆటోనగర్ ప్రయాణం. ముందుగా చెవి రంధ్రానికి లేత్ మీద తీయించిన బుష్ (లోపల తొడిగే లోహపు గొట్టం), కొత్త బోల్టు. వదులు పోవడంతో బండి ఇంకా నిటారవుతుంది, కంగారుపడొద్దు. తర్వాత షాకబ్జర్ల జత, వెనక పాత సైజు టైరు, రెండు చక్రాల్లో సరైన గాలి. అవన్నీ అయ్యాక చదును నేల మీద నిలబెట్టి, నిటారుగానే ఉంటే చక్రాల కింద, ఎక్కువ ఒరిగితే తమ పాదం కింద ప్లైవుడ్ ముక్కలు ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోతాం. ఒరుగు కుదిరినప్పుడు చెక్కల మందం ఎంతో, తమ పొడుగులో కోతైనా అతుకైనా అంతే. పాదం నేలకి పూర్తిగా ఆనేలా దాని వాలు కూడా మార్చాలి, లేకపోతే అంచు మీద నిలబడి మళ్లీ అరుగుతారు.

వెల్డింగుకి తమరిని బండి నుంచి విప్పి తీసుకెళ్తాం, స్ప్రింగు ముందే తీసేస్తాం. వేడి తగిలితే దాని బిగువు పోతుంది. బండికే తగిలించి అతికేస్తానంటాడు వెల్డరు, పని తొందరగా అయిపోతుందని. బ్యాటరీ వైరు తీయనివ్వకుండా అలా అంటించేవాడి షాపు నుంచి లేచి వచ్చేద్దాం.

అందాకా సెల్లారులో డ్యూటీ డబుల్ స్టాండ్‌ది. తమరు సస్పెన్షన్‌లో ఉన్నట్టు భావించవలెను. ఈలోగా తమరి మీద సిలిండరు గానీ, ఫోన్లో మాట్లాడుతూ సీటు మీద అడ్డంగా కూర్చునే పక్కింటి కుర్రాడు గానీ కనిపిస్తే వెంటనే పడిపోయే అధికారం తమకి ఇస్తున్నాను, ఎడమవైపుకైతేనే.

ఇట్లు,
మూడో యజమాని