బోర్ ఒకటైతే పార్టులన్నీ ఒకటేనా?

దమ్ములు మొదలయ్యే ముందు మా నెల్లూరు జిల్లాలో బుచ్చిరెడ్డిపాళెం, సంగం వైపు షెడ్లన్నీ విప్పిన ట్రాక్టర్ ఇంజిన్లతో నిండిపోతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఈసారి నాకే ఆరుగురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: కంపెనీ ఒకటై, బోర్ (సిలిండర్ లోపలి అడ్డకొలత) ఒకటైతే పాత ఇంజిన్‌కి కొత్తదాని పిస్టన్లు, హెడ్డు (సిలిండర్ల పైమూత), డీజిల్ పంపు అన్నీ పడతాయి, పాత బండికి కొత్త బండి బలం వస్తుంది, కొత్త బండిలో సెన్సార్ల టెన్షన్ ఉంటే పాత పంపు బిగించుకోవచ్చు, పార్ట్ నంబర్లు వేరుగా ఉండటం షోరూంవాళ్ల దోపిడీ.

ముందు పిస్టన్ సంగతి. "బోర్ ఒకటైతే పడుతుంది" అన్నది నిజమే, స్లీవులోకి, అంటే సిలిండర్ గొట్టంలోకి, నున్నగా దిగుతుంది. మోసపోయేది అక్కడే. వెర్నియర్ పెట్టి అడ్డం కొలిచాం సరే, నిలువు సంగతేంటి? మహీంద్రా ట్రాక్టర్లు మొదలైందే ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తోడ్పాటుతో. ఆ కంపెనీ బ్రిటన్‌లో చేసిన బి-414 డీజిల్ ఇంజిన్ బోర్ 88.9 మి.మీ. మన మహీంద్రా 575 డీఐ బోరూ అంతే. కానీ మొదటిదాని స్ట్రోక్, అంటే పిస్టన్ కిందినుంచి పైకి కదిలే దూరం, 101.6 మి.మీ., రెండోదానిది 110. అంటే రెండోదాంట్లో పైకొచ్చినప్పుడు క్రాంక్ పిస్టన్‌ని 4.2 మి.మీ. ఎక్కువ తోస్తుంది. ఆ తేడాకి తగ్గట్టే కనెక్టింగ్ రాడ్డు పొడవు, గడ్జన్ పిన్ (పిస్టన్‌ని రాడ్డుకి తగిలించే పిన్ను) నుంచి పిస్టన్ తలదాకా ఎత్తు లెక్కగట్టి ఉంటాయి. పిస్టన్‌కీ హెడ్డుకీ మధ్య ఉండే సందే మిల్లీమీటరు అటూ ఇటూ. ఇక్కడ లెక్క తప్పితే పిస్టన్ పోయి హెడ్డుకి కొడుతుంది, లేదంటే కిందే ఆగిపోయి కంప్రెషన్ రాదు.

ఎత్తు కుదిరినా పిస్టన్ తల ఆకారం ఉంది. బానెట్ మీద "డీఐ" అని రాసి ఉంటుంది చూడండి, అది అలంకారం కాదు. డీఐ అంటే డైరెక్ట్ ఇంజెక్షన్, ఇందులో నాజిల్ నేరుగా పిస్టన్ తల మీదున్న గిన్నెలోకి డీజిల్ చిమ్ముతుంది. అంతకు ముందు తరం ఇంజిన్లు చాలావాటిలో గిన్నె ఉండదు, హెడ్డులోనే చిన్న అర ఉంటుంది, మంట అక్కడ మొదలై కిందికి వస్తుంది. అర ఉన్న పాత హెడ్డు కింద గిన్నె ఉన్న కొత్త పిస్టన్ పెడితే గాలికి రెండు చోట్లా జాగా దొరుకుతుంది. గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందో చెప్పేది కంప్రెషన్ నిష్పత్తి, 20కి పైగా ఉండాల్సిన అది 12 దరిదాపులకి పడిపోతుంది. డీజిల్‌ని అంటించేది ఆ నొక్కుడులో పుట్టే వేడే కదా.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మెకానిక్ పని నేర్చుకున్న కొత్తలో, సరైన పిస్టన్ కిట్టు దొరక్క, ఒక రైతు తొందరపెడితే ఈ పనే చేశాను. తెల్లపొగ తప్ప మంట రాలేదు. కాలవగట్టు మీద మరో ట్రాక్టర్‌తో లాగించి లాగించి స్టార్ట్ చేశాం, ఆపితే మళ్లీ అదే కథ. రెండు రోజుల తర్వాత అంతా విప్పి, కూలి తీసుకోకుండా మళ్లీ బిగించాను.

హెడ్డు మార్చడం గురించి వేరే చెప్పక్కర్లేదు, పై కథే తిరగేసి చదువుకోవచ్చు.

"పెద్ద పంపు వేస్తే పికప్ వస్తదంట గదా అన్నా" అని అడుగుతారు. వస్తుంది, కొన్నాళ్లు. పంపు ఎక్కువ డీజిల్ పోస్తుంది, సిలిండర్‌లోకి వచ్చే గాలి మాత్రం పెరగదు. మిగిలిన డీజిల్ నల్లపొగై పోతుంది. దమ్ము చక్రాలతో బురదలో గంటల తరబడి లోడు మీద నడిచే బండికి ఆ ఎక్కువ డీజిల్ వేడి పిస్టన్‌కీ వాల్వులకీ తగులుతుంది. పైగా ప్రతి పంపుకీ టైమింగ్, గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపుచేసేది) సెట్టింగ్ ఆ ఇంజిన్‌ని బట్టే ఉంటాయి. రోటరీ పంపుకి డీజిలే నూనె, వరస పంపుకి వేరే ఆయిల్ కావాలి. ఆ ఆయిల్ దారి ఇవ్వకుండా బిగించినవాళ్లూ ఉన్నారు మరి!

కొత్త బండికి పాత పంపు అనే ముచ్చట ఇంకా విడ్డూరం. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకి 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 అనే పొగ కాలుష్య నియమాలు వచ్చాయి. వాటిలో చాలావరకు కామన్ రైల్ ఇంజిన్లు, అంటే అన్ని ఇంజెక్టర్లకీ ఒకే గొట్టంలో ఒత్తిడితో డీజిల్ నిలిపి ఉంచేవి. పాత నాజిల్ రెండు వందల బార్ దగ్గర ఒత్తిడికి తానే తెరుచుకుంటుంది. కామన్ రైల్ ఇంజెక్టర్ కంప్యూటర్ కరెంటు పంపితేనే తెరుచుకుంటుంది, లోపల వెయ్యి బార్ దాటిన ఒత్తిడి ఉంటుంది. పాత పంపు ఆ ఒత్తిడి ఇవ్వలేదు.

ఇక దోపిడీ మాట. ఇందులో సగం నిజముంది, కాదనను. బాల్ బేరింగ్ మీద 6305 అని ఉంటే అది ఏ బేరింగ్ షాపులోనైనా దొరుకుతుంది, డబ్బా మీద ట్రాక్టర్ బొమ్మ ఉన్నందుకు ఎక్కువ ఇవ్వనక్కర్లేదు. ఆయిల్ సీళ్లు, బెల్టులు, హోస్ పైపులూ అంతే, కొలత కుదిరితే చాలు. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టుకోవడం నేనే చేయిస్తుంటాను, కాకపోతే కొన్ని పాత బండ్లలో ఎర్త్ (బండి బాడీకి కలిపే వైరు) బ్యాటరీ ప్లస్‌కి ఉంటుంది, అది చూసుకోకపోతే ఆల్టర్నేటర్ కాలిపోతుంది. కొన్నిసార్లు కంపెనీయే పాత నంబరు ఆపేసి కొత్త నంబరు ఇస్తుంది. అప్పుడు కొత్త పార్టు పాత ఇంజిన్‌కి నిజంగానే పడుతుంది, ఆ మాట పార్టుల కేటలాగ్‌లోనే రాసి ఉంటుంది.

కేటలాగ్ చూడాలంటే మోడల్ పేరు చాలదు, ఇంజిన్ నంబరు కావాలి. అది ఇంజిన్ దిమ్మ మీదే కొట్టి ఉంటుంది, గ్రీజూ మట్టీ పట్టి కనపడదు. కిట్టుకి నెల్లూరు బయల్దేరే ముందు కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఫోన్లో ఒక ఫోటో తీసుకెళ్లండి.