హెరాల్డ్ మీద వడియాలు

పాత కారు కంటపడిందంటే మా బావగారికి మిగతా లోకం కనపడదు. బెంజి సర్కిల్లో సిగ్నల్ పచ్చ పడి, వెనకాల ఆటోల హారన్లు చెవులు చిల్లులు పొడుస్తున్నా ఆయన తల మాత్రం పక్కనుంచి పోయే కాంటెస్సా వెంటే తిరుగుతుంది. "చూశావటోయ్, వెనక లైట్లు ఒరిజినల్!" అంటారు. వెనక ఆటోవాడు అనేది ఇక్కడ రాయలేను.

ఆటోనగర్‌లో విప్పేసిన బళ్ల గుట్టల్లోంచి పాత ఫియట్ గ్రిల్లొకటి ఏరుకొచ్చి షోకేసులో పెట్టారు. అక్క అటకెక్కించింది. ఆయన దించారు. మళ్లీ ఎక్కింది. పెళ్లి భోజనాల్లో ఎవరైనా పొరపాటున "మా తాతగారికి పాత అంబాసిడర్ ఉండేది" అన్నారా, అయిపోయారే. "ఏ సంవత్సరం? ముందు గ్రిల్లు ఎలా ఉండేది? అయితే అది ల్యాండ్‌మాస్టరండీ, అంబాసిడర్ కంటే ముందుది" అని ఎత్తుకుని, 2014లో ఉత్తరపారలో అంబాసిడర్ల తయారీ ఆగిపోయేదాకా వస్తే గానీ పప్పులో నెయ్యి వేయించుకోరు.

మొన్న మే నెలలో సత్యనారాయణపురంలో బంధువులింట్లో శ్రీమంతం. అక్క మా ఇద్దరినీ నమ్ముకోకుండా ముందే ఆటోలో వెళ్లింది. పూలు, పళ్లు, స్వీట్ల బాధ్యత మాది. స్కూటర్ సందు తిరిగిందో లేదో, బావగారు సడన్ బ్రేకు వేశారు. అరటిపళ్లు నా ఒళ్లోంచి ఆయన వీపు మీదకి వెళ్లాయి.

గేటు తీసున్న పాత పెంకుటింటి ముందు, టైర్లు సగం భూమిలోకి దిగబడిపోయి, ఒక లేత నీలం కారు. వెనక చిన్న రెక్కలు. "స్టాండర్డ్ హెరాల్డ్!" అన్నారు బావగారు, గుళ్లో హారతి కళ్లకద్దుకునే గొంతుతో. "ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్. డిజైన్ ఇటలీ ఆయనది, మికెలోట్టి. 1961 నుంచి మన మద్రాసులో చేశారు. రెండే తలుపులున్నాయి చూడు, అంటే నాలుగు తలుపుల మార్క్ త్రీ కంటే ముందుది!"

నాకు మాత్రం కారు కంటే దాని బానెట్ ముందు కనపడింది. దాని నిండా పాత పంచె పరిచి, వరసలుగా గుమ్మడి వడియాలు పెట్టి ఉన్నాయి. మధ్యమధ్య గాలికి లేవకుండా గులకరాళ్లు. ఎండకి పైన తెల్లబడి, అడుగున ఇంకా పచ్చిగా ఉన్న దశ.

"బావగారూ, వడియాలు!" అన్నాను.

"రెండంగుళాలు లేపి చూస్తానోయ్. ఇంజిన్ మార్చారో లేదో తెలియాలిగా."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంబాసిడర్ బానెట్ ముందు నుంచి లేస్తుంది. దాని మీద వడియాలుంటే జారి అద్దం దగ్గర ఆగుతాయి, ఏరుకోవచ్చు. హెరాల్డ్ అలా కాదు. మడ్‌గార్డులతో సహా కారు ముందు భాగమంతా ఒకటే ముక్క. ముందు చక్రాల వెనకాల రెండు పక్కలా కొక్కేలు విప్పి, అద్దం వైపు నుంచి లేపితే మొత్తం ముందుకి పడగ వాలుస్తుంది. ఇదంతా బావగారికి తెలుసు. నాకు చెప్పిందే ఆయన.

ఒక కొక్కెం సులువుగా వచ్చింది. రెండోది తుప్పు పట్టి రానంది. బావగారు చెప్పు పక్కన పెట్టి, కాలు తన్నిపెట్టి లాగారు. అది "ఠంగ్" మని ఊడింది, ఆ ఊపుకి బానెట్ రెండంగుళాలు కాదు, రెండడుగులు లేచింది. పంచె పంచెగా, వడియాలు వడియాలుగా, రాళ్లతో సహా హెడ్‌లైట్ల మీంచి జారి తిన్నగా మురిక్కాలవలోకి.

"తొమ్మిది వందల నలభై ఎనిమిది సీసీ! ఒరిజినల్!" అన్నారు బావగారు, తల లోపల పెట్టి.

చప్పుడుకి సందంతా బయటికొచ్చింది. "ఫైనాన్స్ వాళ్లు, బండి సీజ్ చేస్తున్నారు" అన్నాడొకడు. "అరవై ఏళ్ల నాటి బండికి ఇప్పుడేం ఈఎంఐరా?" అన్నాడు ఇంకొకడు. ఒక కుర్రాడు ఫోనులో వీడియో మొదలెట్టాడు. ఈలోపు ఇంటావిడ మెట్లు దిగొచ్చి కాలవలోకి చూసి, బావగారిని చూసి, "ఎవరయ్యా నువ్వు?" అంది.

"మామ్మగారూ, వడియాలకి డబ్బులిస్తాను. ఈ కారు అమ్ముతారా?"

ఆ పరిస్థితిలో అడగాల్సిన ప్రశ్న అదేనా? నేను స్వీట్ల డబ్బా వెనక మొహం దాచుకున్నాను. ఆయన ఆగలేదు. 50 ఏళ్లు దాటిన బండి కాబట్టి 2021 నిబంధనల కింద వింటేజ్‌గా నమోదు చేయించొచ్చనీ, ప్రదర్శనలకీ ర్యాలీలకీ బయటికి తీయొచ్చనీ, రోజూ తిప్పడానికి మాత్రం కుదరదనీ వివరించారు.

"ఇప్పుడు మాత్రం రోజూ తిరుగుతోందా?" అంది మామ్మగారు. "మోకాళ్ల నొప్పులు నాయనా, మేడ ఎక్కలేను. దీన్ని నీకిస్తే వడియాలెక్కడ పెట్టుకోను?"

బావగారి దగ్గర దానికి జవాబు లేదు. జేబులో ఫోను మోగుతోంది, అక్క. ఆయన తీయలేదు.

"పోనీ, ఒక్క ఫొటో తీసుకోనా?"

"తీసుకో. ముందా మూత మూసెయ్. చల్లమిరపకాయలు ఎండబెట్టాలి."