“చెరువులా ఉంది కదా” అన్నాడు

ఇంకా చేతులు వణుకుతున్నాయి. అయినా ఇప్పుడే రాస్తాను.

ఈ పొద్దున రామేశ్వరం దగ్గర ధనుష్కోడిలో మన హైదరాబాద్ కుర్రాడొకడు కైట్‌తో సహా సముద్రంలోకి కొట్టుకుపోయాడు. చేపల పడవ వాళ్లు చూశారు కాబట్టి బతికాడు.

కైట్‌సర్ఫింగ్ అంటే పెద్ద గాలిపటం లాగుతుంటే కాళ్ల కింద పలకతో నీళ్ల మీద దూసుకుపోవడం. వాడు అది నేర్చుకుని రెండు రోజులే అయింది. కైట్ అద్దెకిచ్చినాయన వాణ్ణి ఉత్తరం ఒడ్డున దింపాడు. ధనుష్కోడి అంటే సన్నటి ఇసుక తిన్నె, రెండు పక్కలా సముద్రం. ఈ నెలల్లో గాలి నైరుతిది. దక్షిణాన, మన్నార్ సింధుశాఖ వైపు, అది ఒడ్డుకు కొడుతుంది. కెరటాలు చూస్తేనే భయమేసి ఎవరూ దిగరు. అదే గాలి ఇసుక దాటి ఉత్తరానికి వచ్చేసరికి మనిషిని ఒడ్డు నుంచి లోపలికి తోస్తుంది. నీళ్లు మాత్రం అద్దంలా ఉంటాయి. కైట్ పడిపోయి మళ్లీ లేవకపోతే పోవడమే, అటు శ్రీలంక సరిహద్దు. అలాంటి గాలిలో, తీసుకురావడానికి మోటారు పడవ లేకుండా ఎవరినైనా ఎలా దింపుతారు?

వద్దని చెప్పాను. “అక్కా, చెరువులా ఉంది కదా, టెన్షన్ ఎందుకు” అన్నాడు. వాడి తప్పేముంది? ప్రమాదంలో లాగితే కైట్ లాగడం ఆగిపోయే క్విక్ రిలీజ్ ఎక్కడుందో చూపించారట, ఒక్కసారి కూడా లాగి చూడనివ్వలేదట. గాలి వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగింతలు అవుతుందని కూడా చెప్పలేదు. పడవ ఒడ్డుకొచ్చాక ఆ అద్దె పెద్దమనిషి మొదట అడిగింది ఏమిటో తెలుసా? కైట్ చిరిగిందా అని!

ఇసుక మీద పరిచిన లైన్ల మీదుగా, అంటే కైట్‌ని మనిషికి కలిపే సన్నటి తాళ్ల మీదుగా, సెల్ఫీలు తీసుకుంటూ నడిచేవాళ్లకీ ఒక మాట. అవి 20 మీటర్లకు పైగా ఉంటాయి. కైట్ లేచేటప్పుడు కాలికి చుట్టుకుంటే కోసేస్తాయి. సంక్రాంతికి మాంజా గొంతులు కోయడం చూసిన మనకి ఇది కూడా చెప్పాలా?

నాది విశాఖ. చెరువులా ఉంది అనే మాట నేను అక్కడ ఇంటర్‌లోనే విన్నాను. ఆర్కే బీచ్‌లో కెరటాలు విరగని చోటు చూసి, ఇక్కడ బాగుంది రండిరా అంటూ మా క్లాస్ అబ్బాయి దిగాడు. అటూ ఇటూ విరిగిన నీరంతా వెనక్కి పరిగెత్తేది ఆ సందులోంచే. అదే రిప్ కరెంట్. వాడికి ఈత బాగా వచ్చు. నేరుగా ఒడ్డుకే ఈదుతూ ఉండిపోయాడు. ఒడ్డు వెంబడి పక్కకి ఈదితే బయటపడొచ్చని మాకెవరూ చెప్పలేదు. ఏటా పిక్నిక్‌కి తీసుకెళ్లేవాళ్లు, పులిహోర పొట్లాలు లెక్కపెట్టేవాళ్లు, నీళ్ల గురించి ఒక్క ముక్క చెప్పేవాళ్లు కారు. బోర్డు మీద స్నానం నిషేధం అని ఉండేది. ఎందుకో ఉండేది కాదు. ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం పోలేదు, పోదు కూడా.

రేపు అదే ఉత్తరం ఒడ్డుకి ఇంకో నలుగురు కొత్తవాళ్లు వస్తున్నారట. ఆరింటికే వెళ్లి అక్కడ నిలబడతాను.