ఆర్‌ఎస్‌ఏ లెక్క వచ్చినంత మాత్రాన తాళం పడదు

ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం పిల్లల్ని అడగండి, సందేశాలను ఇతరులు చదవకుండా తాళం వేసి పంపే ఆర్‌ఎస్‌ఏ లెక్క చకచకా చేసి చూపిస్తారు. ప్రధాన సంఖ్యలు 3, 11. గుణిస్తే 33. అందరికీ చెప్పే బహిరంగ కీ 3, దాచుకునే రహస్య కీ 7. పంపాల్సింది 4 అనుకుంటే దాని ఘనం 64, దాన్ని 33తో భాగిస్తే శేషం 31. అవతలివాళ్లు 31ని ఏడుసార్లు వేసి గుణించి, 33తో భాగిస్తే మళ్లీ 4 వస్తుంది. మార్కులూ వస్తాయి.

రివెస్ట్, షమీర్, అడెల్‌మన్ 1977లో కనిపెట్టిన ఈ లెక్కలో తప్పేమీ లేదు. దాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకెళ్లి వాడితేనే ప్రమాదం. మనం పంపేది 'అవును', 'కాదు' అనే రెండు మాటలే అనుకుందాం. అవునుకు 4, కాదుకు 5. బహిరంగ కీ అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి, దారిలో కాపు కాసినవాడు ఆ రెండింటినీ తనే ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఆ కీతో రహస్య రూపంలోకి మార్చి పెట్టుకుంటాడు. 4కు 31 వస్తుంది, 5కు 26. మన సందేశం 31గా కనబడగానే 'అవును' అని తెలిసిపోతుంది. రహస్య కీ జోలికే వెళ్లలేదు. 33 స్థానంలో ఆరు వందల అంకెల సంఖ్య పెట్టినా ఇంతే.

దీనికి జవాబు 1982లోనే దొరికింది. ఒకే మాటను రెండుసార్లు పంపితే రెండుసార్లూ వేరువేరుగా కనబడాలనీ, అందుకు ప్రతిసారీ కొత్తగా యాదృచ్ఛికత, అంటే ఎవరూ ముందే ఊహించలేని సంఖ్య, కలపాలనీ కంప్యూటర్ శాస్త్రవేత్తలు షఫీ గోల్డ్‌వాసర్, సిల్వియో మికాలీ చూపించారు. దొంగకు ఏం తెలుసు, వాడు ఏమేం చేయగలడు, అయినా వాడికి ఏం తెలియకూడదు అన్నది ముందే కచ్చితంగా రాసుకోవడం అప్పటి నుంచే మొదలైంది. నా దృష్టిలో ఆధునిక క్రిప్టోగ్రఫీకి (రహస్య సందేశాల శాస్త్రానికి) పునాది ఇదే. మన సీఎన్‌ఎస్ (క్రిప్టోగ్రఫీ, నెట్‌వర్క్ సెక్యూరిటీ) క్లాసుల్లో ఎక్కువ భాగం సీజర్, ప్లేఫెయిర్ లాంటి పాతకాలపు అక్షరాల మార్పిడి పద్ధతుల దగ్గరే గడిచిపోయి, ఈ పునాది దాకా రాకుండానే సెమిస్టర్ అయిపోతోంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఎందుకంటే తాళాలు ఊడింది ఎక్కువగా ఈ పునాది దగ్గరే. 2006లో డెబియన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ఒక తనిఖీ టూల్ హెచ్చరిస్తోందని కీలు తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌లో రెండు లైన్లు తీసేశారు. యాదృచ్ఛికతను పోగుచేసే లైన్లవి. 2008 మేలో విషయం బయటపడేదాకా కీ తయారీకి మిగిలిన ఆధారమల్లా నడుస్తున్న ప్రోగ్రామ్‌కు కంప్యూటర్ ఇచ్చే ప్రాసెస్ నంబరే. అంటే ఒక్కో రకం, సైజు కీకి సాధ్యమయ్యేవి సుమారు 32 వేలే. అన్నీ ముందే తయారుచేసి ఒక్కొక్కటే పెట్టి చూడొచ్చు. పైకి మాత్రం అవి మామూలు కీల్లాగే ఉన్నాయి, అన్నీ చక్కగా పనిచేశాయి. ఈ రంగంలో భయపడాల్సింది దీనికే, తప్పు జరిగినా ఎర్రర్ రాదు. సోనీ గేమ్ మెషిన్ ప్లేస్టేషన్ 3లో, సాఫ్ట్‌వేర్ అసలైనదేనని నిరూపించే డిజిటల్ సంతకాల్లోనూ ప్రతిసారీ మారాల్సిన సంఖ్య మారలేదు. రెండు సంతకాలు పక్కన పెట్టుకుని కాస్త ఆల్జీబ్రాతో రహస్య కీ లాగొచ్చని 2010 డిసెంబర్‌లో బెర్లిన్ హ్యాకర్ల సదస్సులో చూపించారు.

మన పిల్లలు రేపు రాయబోయేది బ్యాంకు యాప్‌లు, ఆస్పత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్. ఒక ప్రాజెక్టులో పాస్‌వర్డ్‌లను 'ఎన్‌క్రిప్ట్ చేశాం' అని చూపిస్తే, తీరా అది బేస్64, అంటే అక్షరాలను వేరే అక్షరాల్లో రాసే పద్ధతి. దానికి కీయే ఉండదు, ఎవరైనా వెనక్కి తిప్పేయొచ్చు. రాసిన కుర్రాడు తెలివైనవాడే. తేడా ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు.

పైగా ఆర్‌ఎస్‌ఏకు కూడా రోజులు దగ్గరపడ్డాయి. పెద్ద క్వాంటం కంప్యూటర్ వస్తే అది నిలవదని గణిత శాస్త్రవేత్త పీటర్ షోర్ 1994లోనే చూపారు. దాన్ని తట్టుకునే కొత్త ప్రమాణాలను అమెరికా సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ఖరారు చేసింది. లెక్క మారిపోతోంది, దొంగకు ఏం తెలుసన్న ప్రశ్న మాత్రం మారదు.

ల్యాబ్‌లో ఒక్క పూట చాలు. బహిరంగ కీ ఇచ్చి, బోర్డు మీద 26 అని రాసి, నేను పంపింది అవునా కాదా అని పిల్లల్ని అడగాలి. దొరికాక, ఇది దొరక్కుండా ఎలా పంపాలో వాళ్లనే ఆలోచించమనాలి.