చలికాలంలో హ్యాంగర్‌కు తాళం వేయకండి

నవంబర్ సగం దాటగానే, ఇంజిన్ లేని విమానాలైన గ్లైడర్లను ఎగరేసే గ్లైడింగ్ క్లబ్బుల్లో ఒక మాట వినబడుతుంది: "ఇక ఈ ఏడాదికి ఎగరడం అయిపోయినట్టే." ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అయిపోయినవి థర్మల్స్ మాత్రమే, అంటే ఎండకు వేడెక్కి పైకి లేచే గాలులు. రన్‌వే ఎక్కడికీ పోలేదు, గ్లైడర్‌ను కేబుల్‌తో లాగి పైకి లేపే వించ్ పనిచేస్తోంది, రెండు సీట్ల శిక్షణ గ్లైడర్ ఖాళీగా ఉంది, నేర్చుకుంటామని పేర్లు ఇచ్చినవాళ్లు ఎదురుచూస్తున్నారు. అయినా మార్చి దాకా ఎవరూ రానక్కర్లేదని మనకు మనమే తీర్మానం చేసుకుంటున్నాం. ఇది వట్టి బద్ధకమే అయితే ఇంత పొడవు పోస్టు రాసేదాన్ని కాదు. చలికాలంలో ఎగరని క్లబ్బు తన పైలట్లను వసంతంలో ప్రమాదం వైపు పంపుతోందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఎగరకపోవడానికి ఎక్కువమంది చెప్పే కారణం ఒకటే. ఆరు నిమిషాలు ఎగరడం కోసం రోజంతా చలిలో నిలబడాలా అని. లెక్క నిజమే. వెయ్యి మీటర్ల కేబుల్‌తో వించ్ లాంచ్ చేస్తే ఎదురుగాలిని బట్టి 350 నుంచి 450 మీటర్ల ఎత్తు వస్తుంది. ఏఎస్‌కే 21 లాంటి శిక్షణ గ్లైడర్ కదలిక లేని గాలిలో సెకనుకు ముప్పావు మీటరు చొప్పున దిగుతూ ఉంటుంది. కేబుల్ వదిలి, రెండు మూడు మలుపులు తిరిగి, దిగడానికి రన్‌వే పక్కగా చుట్టి వచ్చే సర్క్యూట్‌లో చేరి నేలను తాకేసరికి ఆరేడు నిమిషాలు గడుస్తాయి. దాన్ని దాటి నిలబెట్టే గాలి డిసెంబర్‌లో మైదానం మీద దొరకదు.

కానీ ఈ లెక్కను ఇంకో వైపు నుంచి చూడండి. వేసవిలో థర్మల్ దొరికిన పైలట్ రెండు గంటలు పైనే ఉంటాడు. లాగ్‌బుక్‌లో రెండు గంటలు పడతాయి. అందులో లాంచ్ ఒకటి, ల్యాండింగ్ ఒకటి. చలికాలంలో ఒక మధ్యాహ్నం నాలుగుసార్లు లేచిన పైలట్‌కు అరగంట కూడా జమ కాదు, కానీ నాలుగు లాంచ్‌లు, నాలుగు సర్క్యూట్లు, నాలుగు ల్యాండింగ్‌లు చేతిలో పడతాయి. మన క్రీడలో ప్రాణాల మీదికి వచ్చేది ఎక్కువగా నేలకు దగ్గరగా ఉన్నప్పుడే. వెయ్యి మీటర్ల ఎత్తులో థర్మల్ కేంద్రం తప్పిపోతే పోయేది కొంత ఎత్తు. వంద మీటర్ల ఎత్తులో కేబుల్ తెగినప్పుడు చెయ్యి రెండు సెకన్లు ఆలస్యం చేస్తే పోయేది అంతకంటే ఎంతో పెద్దది.

కాగితం మీద అర్హత గురించి కూడా చెప్పాలి. ఐరోపా నిబంధనల ప్రకారం గడిచిన 24 నెలల్లో 5 గంటలు, 15 లాంచ్‌లు, ఇన్‌స్ట్రక్టర్‌తో 2 శిక్షణ ఫ్లైట్లు ఉంటే గ్లైడర్ పైలట్ ఒంటరిగా ఎగరవచ్చు. 24 నెలల్లో 15 అంటే సగటున నెలకు ఒక్క లాంచ్ కూడా కాదు. చట్టం కనీస హద్దు గీసింది. ఆ హద్దు మీద నిలబడి "నాకు అర్హత ఉంది" అనేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. అక్టోబర్‌లో ఆపేసి, ఏప్రిల్‌లో మొదటి మంచి ఆదివారం నాడు బలమైన థర్మల్స్, పక్కగాలి, సర్క్యూట్‌లో నాలుగైదు గ్లైడర్లు ఉన్నప్పుడు తిరిగి మొదలుపెట్టే పైలట్ చట్టం దృష్టిలో పూర్తిగా అర్హుడే. అతని చేతులు మాత్రం ఆరు నెలలుగా ఆ పని చేయలేదు.

కేబుల్ తెగినప్పుడు ఏం చేయాలో మనలో ఎవరిని అడిగినా ఠక్కున చెప్తారు. ముక్కు కిందికి దించు, వేగం తిరిగి వచ్చేదాకా ఆగు, అది వచ్చేముందు మలుపు తిప్పకు, ఎయిర్‌బ్రేక్‌లు (రెక్కల మీద లేచి గ్లైడర్‌ను త్వరగా దించే పలకలు) తెరవకు, ముందు జాగా ఉంటే నేరుగా దిగు. చెప్పడం వేరు. ముక్కు నలభై డిగ్రీల పైకి ఎత్తి ఉన్నప్పుడు ఇన్‌స్ట్రక్టర్ హెచ్చరిక లేకుండా కేబుల్ వదిలేస్తే, ఆ నిశ్శబ్దంలో చెయ్యి దానంతట అదే ముందుకు కదలాలి. అది సాధనతోనే వస్తుంది, సాధన ఆగితే పోతుంది. వేసవిలో ఈ అభ్యాసానికి తీరిక ఉండదు. వెనక వరుసలో గ్లైడర్లు నిలబడి ఉంటాయి, అందరి కళ్లూ మేఘాల మీద ఉంటాయి. జనవరి ఆదివారం నాడు వరుస ఉండదు. తక్కువ ఎత్తులో ఒకటి, నడిమి ఎత్తులో ఒకటి, పైకి చేరాక ఒకటి చొప్పున వదిలి, ప్రతిసారీ నేల మీద నిలబడి ఏం జరిగిందో మాట్లాడుకునే వీలుంటుంది. ఒక ఇన్‌స్ట్రక్టర్‌గా నాకు ఏడాది మొత్తంలో ఇంత మంచి పాఠం చెప్పే అవకాశం ఇంకెప్పుడూ రాదు.

కొత్తవాళ్లకు చలికాలపు గాలి ఇచ్చే ఇంకో మేలు గురించి ఎవరూ మాట్లాడరు. ఆ గాలిలో కుదుపులు ఉండవు. కానపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) మీద అంటించిన చిన్న ఊలు దారం పక్కకు వాలిందంటే అది పైలట్ పాదాల వల్లే, గాలి కుదుపు వల్ల కాదు. చేతిలోని స్టిక్‌ను పక్కకు నొక్కినప్పుడు, పాదాలతో తిప్పే తోక రడ్డర్ తోడు రాకపోతే ముక్కు ఎదురు దిక్కుకు జారడం విద్యార్థి తన కళ్లతో చూస్తాడు. వేసవి మధ్యాహ్నం ఎగిరెగిరి పడే గాలిలో ఏది తన తప్పో, ఏది గాలి చేసిందో వాడికి తెలియదు. అందుకే నిలకడగా ఎగరడం, వేగం పట్టి ఉంచడం, మలుపులో చేతులను పాదాలను కలపడం చలికాలంలో నేర్చుకున్నవాళ్లకు గట్టిగా పట్టుబడతాయి. ఏళ్ల తరబడి విద్యార్థులతో కూర్చున్న అనుభవంతో చెప్తున్నాను.

చలిలో ప్రమాదాలు లేవని నేను అనడం లేదు. ఉన్నాయి, వాటిని నేర్చుకోవడమే పైలట్ కావడంలో సగం. ముందుగా రెక్కల మీద మంచు. ఉదయం హ్యాంగర్ బయట ఉంచిన గ్లైడర్ మీద తెల్లటి పొర కట్టి ఉంటే, "పలుచగానే ఉందిలే, లాంచ్‌లో ఊడిపోతుంది" అనేవాళ్లను నేను చూశాను. ఊడిపోదు. ముతక గరుకు కాగితం అంత గరుకైన మంచు పొర రెక్క ఎత్తే శక్తిని 30 శాతం దాకా తగ్గించగలదని, గాలి ప్రతిఘటనను 40 శాతం దాకా పెంచగలదని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పైలట్లను హెచ్చరిస్తూ వస్తోంది. రెక్క స్టాల్ అయ్యే వేగం, అంటే అది ఎత్తే శక్తి కోల్పోయే వేగం, పెరుగుతుంది, స్పీడ్ ముల్లు ఆ సంగతి చెప్పదు. వించ్ మీద ముక్కు ఎత్తి పైకి పోతున్నప్పుడు ఆ తేడా బయటపడితే దిద్దుకోవడానికి ఎత్తు ఉండదు. వేడినీళ్లు పోసి కరిగించడం ఇంకా చెడ్డది. ఆ నీళ్లు రెక్క వెనక అంచున కదిలే ఎయిలరాన్ల కీళ్లలోకి, ఎయిర్‌బ్రేక్ పెట్టెల్లోకి దిగి మళ్లీ గడ్డకడతాయి. ఎండలోకి తిప్పి పెట్టండి, మెత్తటి గుడ్డతో తుడవండి, ఓపిక పట్టండి. గంట పోతే పోయింది. రెక్క తడి లేకుండా, నున్నగా ఉన్నదని చేత్తో తడిమి చూసేదాకా కేబుల్ తగిలించకండి. ఈ విషయంలో ఎవరి సీనియారిటీనీ నేను లెక్కచేయను.

ఎత్తు చూపే ఆల్టీమీటర్ సంగతి చాలామంది పుస్తకంలో చదివి వదిలేస్తారు. ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే ప్రతి 10 డిగ్రీల చలికి అది నిజమైన ఎత్తు కంటే సుమారు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. మైనస్ 10 డిగ్రీల రోజున నేల మీద సున్నా పెట్టుకుని ఎగిరితే, ముల్లు 200 మీటర్లు చూపించే చోట మనం నిజానికి 180 దగ్గర ఉంటాం. సర్క్యూట్‌లో ఇరవై మీటర్లు చిన్న తేడా కాదు. ముల్లును చూసి మలుపు తిరిగే అలవాటున్నవాళ్లకు, కంటితో కోణం చూసి నిర్ణయించుకోవడం ఎందుకు నేర్పుతామో ఆ రోజు అర్థమవుతుంది.

ఎండ ఇంకో ఇబ్బంది. 50 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబర్ చివర్లో నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగ్మండలానికి సుమారు 17 డిగ్రీల ఎత్తులో మాత్రమే ఉంటాడు. ఎండకు ఎదురుగా దిగాల్సి వస్తే గీతలు పడ్డ కానపీ తెల్లగా వెలిగిపోతుంది, అందులోంచి వచ్చే ఇంకో గ్లైడర్ కనబడదు. కానపీని ఉదయమే శుభ్రం చేయడం, లాంచ్‌కు ముందు చివరి నిమిషం దాకా మూయకపోవడం, పక్క కిటికీ తెరిచి ఉంచడం, ఊపిరి కిందికి వదలడం ఎంత చిన్న పనులైనా వదిలేయడానికి వీల్లేదు. బట్టల విషయంలోనూ అంతే. లావుపాటి కోటు మీద బిగించిన పట్టీలు కుదుపు వస్తే వదులైపోతాయి, స్టిక్ పూర్తిగా వెనక్కి రాదు, పెద్ద బూట్లు రడ్డర్ పెడల్స్ మధ్య ఇరుక్కుంటాయి. పలుచటి పొరలు ఒకదాని మీద ఒకటి వేసుకోండి. వేళ్లు మొద్దుబారాయంటే గ్లైడర్ ఎక్కకండి. చలి పట్టినవాడి తీర్పు మందగిస్తుంది, ఆ సంగతి వాడికే తెలియదు.

పొగమంచు ఉంటే, గడ్డకట్టే వాన పడితే, నేల చక్రం దిగబడేంత మెత్తగా ఉంటే ఎగరవద్దు. ఇందులో నాకు ఎవరితోనూ పేచీ లేదు. పేచీ అంతా తెల్లవారాక ఆకాశం వంక చూడకుండానే రద్దు సందేశం పెట్టడం మీద. చలిగాలి వెనక వచ్చే స్పష్టమైన రోజులు మన క్యాలెండర్‌లో అతి అందమైనవి. దుమ్ము ఉండదు, తేమ ఉండదు, దిగ్మండలం వేసవిలో ఎన్నడూ కనబడనంత దూరానికి జరుగుతుంది. దట్టమైన గాలి కూడా మన వైపే. 30 డిగ్రీల వేసవి రోజుతో పోలిస్తే మైనస్ 5 డిగ్రీల గాలి సుమారు 13 శాతం చిక్కగా ఉంటుంది. స్పీడ్ ముల్లు చూపే అదే వేగంతో దిగినా నేల మీద నెమ్మదిగా దిగుతాం, వించ్ ఇంజిన్ కూడా బలంగా లాగుతుంది.

కొండలకు దగ్గర ఉన్న క్లబ్బులు సైతం చలికాలంలో తలుపులు మూసుకోవడం నాకు అర్థం కాని సంగతి. కొండ వాలుకు ఎదురుగా గాలి వీస్తే సూర్యుడితో పని లేకుండా గంటల తరబడి ఎగరవచ్చు. ఇక వేవ్ సంగతి చెప్పాలంటే, దాని అసలు కాలమే ఇది. పర్వతం దాటిన గాలి అవతల అలలుగా లేవడాన్ని గ్లైడర్ పైలట్లు కనిపెట్టింది 1933 మార్చిలో, అప్పటి జర్మనీలోని హిర్ష్‌బెర్గ్ దగ్గర, వోల్ఫ్ హిర్త్ బృందం ఎగిరినప్పుడు. అమెరికా పైలట్ పాల్ బిక్లే కాలిఫోర్నియాలో అలాంటి అల మీద 46,267 అడుగులకు చేరింది 1961 ఫిబ్రవరి 25న. అంతకు మించి, పెర్లాన్ 2 గ్లైడర్ అర్జెంటీనాలోని ఎల్ కలఫాతే నుంచి లేచి 76 వేల అడుగులు దాటింది 2018 సెప్టెంబర్ 2న, అంటే దక్షిణార్ధగోళపు చలికాలం చివర్లో. బలమైన పైగాలి, నిలకడైన గాలి పొరలు కలిసేది ఈ నెలల్లోనే కాబట్టి వాళ్లు కావాలని ఆ కాలాన్ని ఎంచుకున్నారు. మనలో గ్లైడర్ పైలట్లకు ఇచ్చే డైమండ్ బ్యాడ్జీ కోసం 5,000 మీటర్ల ఎత్తు సంపాదించాలని కలగనేవాళ్లు ఉన్నారు. ఆ ఎత్తు జూన్ థర్మల్‌లో దొరకదని వాళ్లకూ తెలుసు.

ఇప్పుడు నాకు అన్నింటికన్నా బాధ కలిగించే విషయానికి వస్తాను. వించ్ రోజు నడవాలంటే వించ్ నడిపేవారు, కేబుల్ తిరిగి తెచ్చేవారు, రెక్క పట్టుకుని పరుగెత్తేవారు, సంకేతాలు ఇచ్చేవారు, లాగ్ రాసేవారు, ఇన్‌స్ట్రక్టర్ కావాలి. చలికాలంలో ఆ బరువంతా అదే కొద్దిమంది మోస్తున్నారు. ఉదయం మంచు తుడిచేది వాళ్లే, సాయంత్రం చీకటి పడ్డాక బురద చక్రాలు కడిగేది వాళ్లే. ఏప్రిల్ రాగానే నాలుగు నెలలు కనబడని సభ్యులు వచ్చి సొంత గ్లైడర్ బిగించి వరుసలో ముందు నిలబడతారు. తప్పు అనను, సభ్యత్వం కట్టారు, హక్కు ఉంది. కానీ ఆ వేసవి లాంచ్‌ను ఇచ్చే వించ్ డ్రైవర్ చెయ్యి ఎవరి వల్ల సాధనలో ఉందో ఒక్కసారి ఆలోచించండి. వించ్ నడిపే మనిషికి కూడా విరామం మంచిది కాదు. గాలి మారినప్పుడు వేగాన్ని ఎంత తగ్గించాలో ఆ చెయ్యి కూడా మరచిపోతుంది.

మరమ్మతుల సాకు కూడా వింటూ ఉంటాను. వార్షిక తనిఖీలు చలికాలంలోనే చేయాలి, నిజమే. అందుకోసం ఉన్న గ్లైడర్లన్నీ డిసెంబర్‌లోనే ఒకేసారి విప్పాలని ఎవరన్నారు? ఒక్క సీటు గ్లైడర్లు ముందు విప్పండి. రెండు శిక్షణ గ్లైడర్లు ఉంటే ఒకటి పూర్తయ్యాకే రెండోది వర్క్‌షాపులోకి పంపండి. వారంలో ఒక రోజు పాలిష్ పట్టండి, ఒక రోజు ఎగరండి. ఉదయం పొగమంచు ఉంటే అందరూ వర్క్‌షాపులో పనిచేస్తారు, పదకొండు గంటలకు తెరిపి ఇస్తే గ్లైడర్ బయటికి తీస్తారు. ఈ పద్ధతిలో మనుషులు ఒకే చోట ఉంటారు, రెండు పనులూ ముందుకు సాగుతాయి.

కమిటీలో ఉన్నవాళ్లను నేను అడుగుతున్నది పెద్దదేమీ కాదు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా డ్యూటీ పట్టిక వేసవిలాగే వేయండి, అందరి పేర్లూ అందులో ఉండాలి. రద్దు చేసే నిర్ణయం ముందు రోజు రాత్రి ఇంట్లో కూర్చుని కాకుండా ఉదయం నేల మీద నడిచి చూసి తీసుకోండి. చలికాలంలో ఒక్కసారి కూడా రాని పైలట్ వసంతంలో ఒంటరిగా ఎగిరే ముందు ఇన్‌స్ట్రక్టర్‌తో కేబుల్ తెగే అభ్యాసం చేసి తీరాలని నియమం పెట్టండి, అందులో కమిటీ సభ్యులకూ మినహాయింపు వద్దు. అక్టోబర్‌లో ఉత్సాహంగా చేరిన విద్యార్థులకు "వసంతంలో రండి" అని చెప్పడం ఆపేయండి. అలా పంపినవాళ్లలో చాలామంది మళ్లీ రారు, మనకు సభ్యులు తగ్గిపోతున్నారని సమావేశంలో బాధపడేది మళ్లీ మనమే. వాళ్లను ఈ ఆదివారమే రమ్మనండి, వెచ్చటి బట్టలు వేసుకుని తొమ్మిదికల్లా రమ్మనండి. వెనక సీట్లో నేను కూర్చుంటాను.