సీటింగ్ మ్యాపు గారి దివ్యసముఖానికి

అమెరికా దేశపు బేస్‌బాల్ స్టేడియాల సీటింగ్ మ్యాపు గారికి, టికెట్టు కొనుక్కునే ఒక సామాన్య ప్రేక్షకుడు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. తమరికేం, ఫోను తెర మీద గులాబీ, నీలం, పసుపు ముక్కలతో నిగనిగలాడుతూ ఉంటారు. స్టేడియాన్ని నడినెత్తి మీద నుంచి చూపిస్తారు. అక్కణ్ణుంచి ఆట చూసేది కాకులు. డబ్బిచ్చినవాడు మాత్రం ఓ ఇరుకు కుర్చీలో, ముందువాడి టోపీ వెనకాల కూర్చుంటాడు. ఆ కుర్చీ సెక్షను తమకు తెలుసు, వరుస తెలుసు, ధర సెంట్లతో సహా తెలుసు. అందులో కూర్చుంటే ఏం కనబడుతుందన్న ఒక్క సంగతే తమకు పట్టదు.

తమ లెక్క ఒకటే. దగ్గరైతే గొప్ప, దూరమైతే లోకువ. మన ఊళ్లలో సినిమా హాళ్లు దీనికి తలకిందులు. తెరను ఆనుకుని ఉన్నది నేల టికెట్టు. వెనక్కి పోయేకొద్దీ బెంచీ, కుర్చీ, అన్నిటికన్నా వెనక బాల్కనీ. బొమ్మ మొత్తం కనబడాలంటే కాస్త దూరం కావాలని హాలు యజమానికి తెలుసు. బేస్‌బాల్‌కీ చాలావరకు ఆ లెక్కే సరిపోతుందని నా మనవి. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక కింది వరుసల్లో కూర్చుంటే, బంతి వేసే పిచ్చర్ విసిరింది ఆఖరి క్షణంలో ఎలా వంగిందో తెలుస్తుంది, క్యాచర్ గ్లవ్‌లో పడ్డ చప్పుడు వినబడుతుంది. అది గొప్ప సుఖమే, కాదనను. కానీ బ్యాటర్ కొట్టిన బంతి గాల్లోకి లేచిందా, అది మన సిక్సర్ లాంటి హోమ్ రనో, ఫీల్డర్ చేతిలో పడేదో అక్కణ్ణుంచి అంతు చిక్కదు. చుట్టుపక్కల జనం లేస్తే మనమూ లేవడం, వాళ్లు నీరసంగా కూలబడితే మనమూ కూలబడడం. పైగా కళ్లకెదురుగా వల. హద్దు గీత బయటికి దూసుకొచ్చే ఫౌల్ బంతులు తగిలి జనం గాయపడ్డాక, 2020 సీజన్ నాటికి అక్కడి అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లోని 30 జట్లూ ఆ వలను, ఆటగాళ్లు కూర్చునే డగౌట్లు దాటించి పొడిగించాయి. వల ఉండాల్సిందే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అది ఎక్కడిదాకా ఉందో తమ బొమ్మలో ఒక గీత గీస్తే తమ సొమ్మేం పోతుంది?

అదే హోమ్ ప్లేట్ వెనక పై అంతస్తుకి ఎక్కి చూడండి. బేసులనే నాలుగు మూలల మధ్య 90 అడుగుల పరుగు దారులు నాలుగూ, ఏ ఫీల్డర్ ఎటు జరిగాడో, ఫస్ట్ బేస్ మీది రన్నర్ తర్వాతి బేస్ దొంగతనానికి ఎప్పుడు బయల్దేరాడో అంతా అరచేతిలో ఉంటుంది. ధర కింది వరుసల ధరలో ఏ మూలకో వస్తుంది. అయితే అక్కడా మొదటి వరుస కొనకూడదు. కూర్చున్నవాడి కంటికి సరిగ్గా ఎదురుగా రక్షణ రెయిలింగు వస్తుంది. నాలుగైదు వరుసలు పైకి పోతే చాలు. ఈ ముక్క చెప్పడానికి తమ ఒంటి మీద చోటు లేదు గానీ, బీరు కొట్టు ఎక్కడుందో చూపించే బొమ్మకి మాత్రం ఉంది.

దగ్గరితనానికి వెల కట్టే పిచ్చి ఎంతదాకా పోతుందో 2009లో న్యూయార్క్ చూపించింది. ఆ ఏడు తెరిచిన కొత్త యాంకీ స్టేడియంలో మైదానాన్ని ఆనుకున్న కొన్ని సీట్లకు మ్యాచ్‌కి 2,500 డాలర్లు పెట్టారు. ఉద్యోగాలు ఊడుతున్న రోజులవి. టీవీ కెమెరా సెంటర్ ఫీల్డ్ నుంచి, అంటే బ్యాటర్‌కి సూటిగా ఎదురుగా మైదానం చివరి నుంచి చూస్తుంది కాబట్టి, పిచ్చర్ బంతి వేసినప్పుడల్లా బ్యాటర్ వెనక ఖాళీ కుర్చీలు దేశమంతటికీ దర్శనమిచ్చాయి. నెల తిరక్కుండానే వాటిల్లో కొన్నిటికి ధర సగానికి, 1,250కి దిగింది. తమరు గొప్పవని చూపించిన సీట్లు నిజంగానే బాగా కనబడ్డాయి, కాకపోతే ఇంట్లో కూర్చున్నవాళ్లకి.

ఇక దిక్కుల సంగతి. తమ బొమ్మలో తూర్పేదో పడమరేదో ఎప్పుడూ రాయరు. బేస్‌బాల్ రూలు పుస్తకంలో మాత్రం వాస్తు ఉంది మహాప్రభో! హోమ్ ప్లేట్ నుంచి పిచ్చర్ మీదుగా సెకండ్ బేస్‌కి పోయే గీత తూర్పు-ఈశాన్యంగా ఉంటే మంచిదని అందులో రాసుకున్నారు. మా ఊరి సిద్ధాంతి గారు చదివితే కళ్లకద్దుకుంటారు. సాయంత్రపు పొద్దు బ్యాటర్ కంట్లో పడకూడదని ఆ ఏర్పాటు. బ్యాటర్‌కి తప్పిన పొద్దు ఊరికే పోదు కదా, రైట్ ఫీల్డ్ వైపు, అంటే హోమ్ ప్లేట్ వెనక నుంచి చూస్తే కుడిపక్క మైదానం చివర, కూర్చున్న జనం మొహాన పడుతుంది. ఆ వాస్తు పాటించిన చోట పగటి మ్యాచ్‌కి ముందుగా నీడ వచ్చేది ఎడమపక్క థర్డ్ బేస్ వైపు. కుడిపక్క ఫస్ట్ బేస్ వైపు వాళ్లు కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆటకి సెల్యూట్ కొడుతున్నట్టు చూడాలి. అన్ని స్టేడియాలూ ఆ వాస్తు పాటించవు కాబట్టి, ఏది పాటించిందో చెప్పడం ఇంకా అవసరం.

డాలస్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లకి ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు. అర్లింగ్టన్‌లో 1994లో తెరిచిన స్టేడియానికి పైకప్పు లేదు. ఆ టెక్సస్ ఎండలకు తాళలేకే రేంజర్స్ జట్టు పక్కనే వంద కోట్ల డాలర్ల పైచిలుకు ఖర్చుతో, తెరుచుకునే కప్పూ ఏసీ ఉన్న కొత్త స్టేడియానికి 2020లో మారిపోయింది. నీడకి వంద కోట్లు పోయవచ్చని యజమానులకు అర్థమైంది. తమ దగ్గర ఇన్ని రంగులుండి, నీడకంటూ ఒక రంగు లేదు.

కాకినాడ నుంచి వచ్చిన మా మామగారిని బోస్టన్ ఫెన్‌వే పార్కుకి తీసుకెళ్దామని, సీట్లు ఆయన్నే ఎంచమని ఫోను చేతికిచ్చాను. ఆయన రంజీ మ్యాచ్‌ల కాలపు మనిషి. కళ్లజోడు సవరించుకుని, "అల్లుడుగారూ, ఇందులో సైట్‌స్క్రీన్ ఎటుంది? దానికి సూటిగా ఎదురు కూర్చుందాం" అన్నారు. తమ జన్మలో తమను ఎవరూ అంత తెలివైన ప్రశ్న అడిగి ఉండరు. బేస్‌బాల్‌లోనూ అది ఉంటుంది. తెల్లటి బంతి బ్యాటర్‌కి కనబడాలని సెంటర్ ఫీల్డ్ వెనక నల్లగానో పచ్చగానో కొంత జాగా వదులుతారు. ఫెన్‌వేలో ఆ జాగాలో సీట్లే ఉన్నాయి, పగటి మ్యాచ్‌లకు వాటి మీద నల్లటి గుడ్డ కప్పేస్తారు. తమ బొమ్మలో అమ్ముడైపోయిన సీటుకీ, గుడ్డ కప్పిన సీటుకీ ఒకటే బూడిద రంగు. మామగారు అది చూసి, "అక్కడ ఒక్కటీ మిగల్లేదండీ, అవే మంచి సీట్లు కాబోలు" అని నిట్టూర్చారు.

ఫెన్‌వే మాట వచ్చింది గనక స్తంభాల దగ్గరికి వద్దాం. ఆ స్టేడియం 1912 నాటిది, షికాగోలో రిగ్లీ ఫీల్డ్ 1914 నాటిది. మేజర్ లీగ్‌లో ఇప్పటికీ ఆట నడుస్తున్న వాటిల్లో వయసులో ఇవే రెండు పెద్ద తలకాయలు. ఆ రోజుల్లో కప్పునీ పై అంతస్తునీ మోయడానికి ఉక్కు స్తంభాలను సీట్ల మధ్యలోంచే లేపేవారు. రాత బాగుండకపోతే మనకు పిచ్చర్ కనబడి బ్యాటర్ కనబడడు. ఇంకా బాగుండకపోతే ఇద్దరూ కనబడి, బంతి మాత్రం మధ్యలో స్తంభం వెనక్కి దూరి మళ్లీ బయటికొస్తుంది. ఫెన్‌వే రైట్ ఫీల్డ్ మూలన మరో చోద్యం. అక్కడి కుర్చీలు చాలావరకు సెంటర్ ఫీల్డ్ వైపు తిరిగి ఉంటాయి, ఆటేమో ఎడమ పక్కన జరుగుతుంది. తొమ్మిది ఇన్నింగ్సూ మెడ తిప్పుకునే కూర్చోవాలి. తమ బొమ్మలో ఆ కుర్చీ కూడా ఒక గుండ్రటి చుక్కే. చుక్కకి మొహమూ వీపూ ఉండవు కాబట్టి అది ఎటు తిరిగిందో తమకు చెప్పే బాధ తప్పింది.

అయినా నేను స్తంభం పక్షమే. తమరు ఆశ్చర్యపోవచ్చు. స్తంభం బరువు మోసినందువల్లే పాత స్టేడియాల్లో పై అంతస్తు ఆటగాళ్ల నెత్తి మీద ఉన్నంత దగ్గరగా ఉండేది. షికాగోలోనే వైట్ సాక్స్ జట్టు 1910 నాటి కోమిస్కీ పార్కును వదిలేసి, రోడ్డవతల అదే పేరుతో కొత్తది కట్టి 1991లో తెరిచింది. అందులో చూపుకి అడ్డొచ్చే స్తంభం ఒక్కటి లేదు. స్తంభం లేకపోతే పై అంతస్తును వెనక్కి జరపాలి. దాని కింద డబ్బున్నవాళ్ల గాజు గదులు దూర్చాలంటే ఇంకా పైకి లేపాలి. జరిపి, లేపి, చివరికి కొత్త స్టేడియం పై అంతస్తులో మొదటి వరుస, పాతదాంట్లో ఆఖరి వరుస కన్నా దూరమైందని అక్కడి అభిమానులు ఇప్పటికీ తిట్టుకుంటారు. మెట్లు కూడా నిటారు. ఎక్కినవాళ్లకి ఆట కన్నా కళ్లు తిరగడం ఎక్కువైంది. ఆఖరికి 2004 సీజన్ నాటికి పైనున్న ఎనిమిది వరుసల్ని, అంటే 6 వేలకు పైగా సీట్లని, ఊడబెరికి పారేశారు. ఏ మ్యాపు రూలు ప్రకారం చూసినా అవి ఏ అడ్డూ లేని నిఖార్సయిన సీట్లే.

పై అంతస్తు కింద లోపలికి పోయిన వెనక వరుసల గురించి ఎక్కువ చెప్పను. అక్కడ నీడ ఉంటుంది, వాన తగలదు, గాల్లోకి లేచిన ప్రతి బంతీ కప్పు అంచు దగ్గర మాయమవుతుంది, స్కోరుబోర్డు సగం తెగుతుంది. "ఈ సీటు నుంచి దృశ్యం" అని తమరు ఈమధ్య ఫొటోలు చూపిస్తున్నారు, సంతోషం. ఆ ఫొటోలో స్టేడియంలో పురుగైనా ఉండదు. ముందు వరుసలో రెండడుగుల స్పంజి వేలు తొడుక్కుని ఊపేవాడు ఉండడు. మెట్ల పక్క సీటు కొన్న పాపానికి ఇన్నింగ్స్‌కి పదిమందికి లేచి దారి ఇవ్వడమూ ఉండదు.

రంగులంటే గుర్తొచ్చింది. సీటుకి రంగు ఎందుకు వేయాలో స్టేడియాలకు తెలుసు. ఫెన్‌వే రైట్ ఫీల్డ్‌లో పచ్చటి సీట్ల మధ్య ఎర్రది ఒక్కటే ఉంటుంది. సెక్షన్ 42, వరుస 37, సీటు 21. 1946 జూన్ 9న బోస్టన్ జట్టు బ్యాటర్ టెడ్ విలియమ్స్ కొట్టిన బంతి 502 అడుగులు ఎగిరి అక్కడ కూర్చున్న మనిషి గడ్డి టోపీ మీద పడింది. డెన్వర్ కూర్స్ ఫీల్డ్ పై అంతస్తులో 20వ వరుస మొత్తం ఊదా రంగు, సముద్ర మట్టానికి సరిగ్గా ఒక మైలు ఎత్తని. తమ ఎరుపుకీ ఊదాకీ ఉన్న అర్థం ఒకటే, జేబులోంచి ఎంత పోతుందన్నది.

అదైనా నిలకడగా ఉంటుందా? 2009లో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టువాళ్లు కొన్ని సీట్లకు రోజుకో ధర పద్ధతి మొదలుపెట్టి, మరుసటేడు స్టేడియం మొత్తానికీ పాకించారు. ఇప్పుడు అందరిదీ అదే దారి. మంగళవారం ఉన్న కుర్చీయే శనివారమూ ఉంటుంది, హోమ్ ప్లేట్ అంగుళం కదలదు, స్తంభమూ కదలదు, ధర మాత్రం ఎగిరి కూర్చుంటుంది. దానికి తోడు మొదట ఒక ధర చూపించి, డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి సేవా రుసుమని, సౌకర్య రుసుమని తగిలించే ముచ్చట. మొత్తం ధర మొదటే చూపించాలని 2025 మే నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూలు పెట్టాక గానీ అది దారికి రాలేదు. ధర ముందే చెప్పమనడానికే ప్రభుత్వం దిగిరావాల్సి వస్తే, స్తంభం సంగతి ముందే చెప్పించడానికి ఎవరు దిగిరావాలో!

నిజం చెప్పి సీటు అమ్మినవాళ్లు లేకపోలేదు. మిల్వాకీ బ్రూవర్స్ జట్టు రేడియో వ్యాఖ్యాత బాబ్ యూకర్ ఆటగాడిగా 0.200 సగటు మనిషి, అంటే బ్యాటర్‌గా అంతంతమాత్రం. తన మీద తనే జోకులు వేసుకుని దేశమంతా నవ్వించాడు. ఒక బీరు ప్రకటనలో తనకి ముందు వరుస సీటే ఇచ్చి ఉంటారని మురిసిపోతూ బయల్దేరి, చివరికి ఆకాశానికి దగ్గర్లో, చుట్టూ మనిషి లేని సీట్లో తేలతాడు. మిల్వాకీ స్టేడియంలో పై అంతస్తులో, మూసుకునే కప్పు ఇరుసు చూపుకి అడ్డొచ్చే సీట్లకు ఆయన పేరే పెట్టి డాలరుకి అమ్మారు. అడ్డం ఉంది, డాలరు ఇవ్వు. ఇంతకన్నా మర్యాదైన వ్యాపారం నేను చూడలేదు. 2014లో ఆ ఆఖరి వరుసలోనే ఆయన కంచు విగ్రహాన్ని కూర్చోబెట్టి, జనం పక్కన కూర్చుని ఫొటో దిగడానికి ఒక సీటు ఖాళీగా వదిలారు. 2025 జనవరిలో ఆయన పోయారు.

ఆ ఖాళీ సీటు మీద మాత్రం తమరు చుక్క పెట్టకండి. పెట్టారంటే శనివారానికల్లా దానికీ ధర లేస్తుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
స్తంభానికి కుడి పక్క సీటువాడు